చదవడానికి సరే, మన పరిశోధన వేసుకోవడానికి చోటేది?

సంపాదకుడు గారికి నమస్కారం.

కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకంతో మా లాంటి ప్రభుత్వ కాలేజీలకు మేలు జరిగిన మాట నిజం. 30 మంది పెద్ద ప్రచురణకర్తలకు చెందిన దాదాపు 13,000 పరిశోధన పత్రికలు (జర్నళ్లు) 2025 జనవరి నుంచి ఆరు వేలకు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. ఒకప్పుడు ఏ ఐఐటీలోనో ఉన్న స్నేహితుణ్ని బతిమాలి తెప్పించుకున్న పేపర్లను ఇప్పుడు కడపలో కూర్చుని తెరుస్తున్నాం. లైబ్రేరియన్‌గా ఆ సంతోషం నేను రోజూ చూస్తున్నాను.

అయితే ఇది మూడేళ్ల పథకం. 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి 6,000 కోట్ల రూపాయలు. గడువు తీరితే మళ్లీ బేరం, మళ్లీ చెల్లింపు. ఇంత పెట్టినా చదివే హక్కు పథకంలో ఉన్న సంస్థలకే. పక్క వీధిలో ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చదివే అమ్మాయికి లేదు. రిటైరైన మాస్టారికి లేదు, విలేకరికి లేదు, అనంతపురంలో వేరుశనగ వేసే రైతుకు లేదు. మన దేశంలో జరిగే పరిశోధనల్లో చాలా వాటికి జీతాలు, గ్రాంట్లు వచ్చేది వీళ్లంతా కట్టే పన్నుల నుంచే.

చదివేవాళ్ల పరిస్థితి కొంతయినా మెరుగుపడింది. రాసేవాళ్లను మాత్రం పట్టించుకున్నవాళ్లు లేరు. పీహెచ్‌డీకి పేపర్లు తప్పనిసరి అన్న షరతును యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2022 నిబంధనల్లో తీసేసినా, ఉద్యోగాల దగ్గర, ప్రమోషన్ల దగ్గర ‘ఎన్ని పేపర్లు వేశావు’ అన్న ప్రశ్న పోలేదు. అందుకే పిల్లల ఫోన్లకు మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి: ‘పేపర్ పంపండి, వారంలో పబ్లిష్ చేస్తాం, సర్టిఫికెట్ ఉచితం.’ ఫీజు మాత్రం ముందే కట్టాలి.

మా దగ్గరికి వచ్చే ఒక స్కాలర్ ఈ ప్రాంతపు పాత చెరువుల మీద మంచి వ్యాసం రాశాడు. ఊరూరా తిరిగి తూముల కొలతలు రాసుకున్నాడు, ఆయకట్టు లెక్కలు సేకరించాడు, పెద్దవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించాడు. దాన్ని అలాంటి ఒక జర్నల్‌కే డబ్బు కట్టి వేయించుకున్నాడు. తర్వాత ఇంటర్వ్యూకు లింకు కావాల్సి వచ్చి లైబ్రరీ కంప్యూటర్లో తెరిస్తే జర్నల్ వెబ్‌సైటే లేదు. డొమైన్ అమ్మకానికి ఉందన్న పేజీ ఒకటి వచ్చింది. ఆ వ్యాసం ఇప్పుడు అతని ఈమెయిల్లో ఒక పీడీఎఫ్‌గా మిగిలింది, అంతే. ఆ చెరువుల మీద రేపు ఇంకెవరైనా పని మొదలుపెడితే అతని శ్రమ వాళ్ల కంట పడే దారి లేదు. డబ్బు పోయినదానికన్నా నాకు ఇదే ఎక్కువ బాధగా ఉంది.

ఏది మంచి జర్నలో చెప్పే యూజీసీ కేర్ జాబితాను కూడా 2025 ఫిబ్రవరిలో ఎత్తేశారు. దానిలో లోపాలు లేకపోలేదు. కానీ ఇక మీదట సంస్థలే తేల్చుకోవాలంటే, నలుగురు అధ్యాపకులతో నెట్టుకొస్తున్న డిపార్ట్‌మెంట్ ఎలా తేల్చుకుంటుంది?

తెలుగులో వచ్చే పరిశోధన పత్రికల సంగతి మరీ దారుణం. చాలా వాటిని డీటీపీలో వాడే పాత రకం అను ఫాంట్లలో కంపోజ్ చేసి, అదే ఫైలును పీడీఎఫ్ చేసి నెట్‌లో పెడుతున్నారు. కంటికి తెలుగే కనిపిస్తుంది, కానీ అది యూనికోడ్ కాదు, అంటే కంప్యూటర్లన్నీ తెలుగుగా గుర్తించే పద్ధతి కాదు. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి చూడండి, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వచ్చి పడతాయి. మన జిల్లాలోని కలమళ్లలో దొరికిన రేనాటి చోళుల శాసనం తెలుగులో తొలి శాసనమని, క్రీ.శ. 575 నాటిదని పిల్లలకు పాఠం చెబుతాం. దాని మీద అలాంటి పత్రికలో ఎంత మంచి వ్యాసం వచ్చినా, ‘కలమళ్ల శాసనం’ అని వెతికేవాడికి అది దొరకదు. ఉన్నా లేనట్టే లెక్క.

వీటన్నిటికీ కావలసింది ప్రచురణకు ఒక జాతీయ ఉమ్మడి వేదిక. విశ్వవిద్యాలయాలు, కాలేజీలు, పరిశోధక సంఘాలు నడిపే జర్నళ్లు అందులో ఉండాలి. చదివేవాడు పైసా కట్టనక్కర్లేదు, రాసేవాడూ కట్టనక్కర్లేదు. సర్వర్, బ్యాకప్, డీఓఐ నంబర్లు (ప్రతి వ్యాసానికీ ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్యలు), యూనికోడ్ మార్పిడి, నకలు పరీక్ష లాంటివన్నీ వేదికే చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్‌కు కొరత లేదు. ‘ఓపెన్ జర్నల్ సిస్టమ్స్’ ఉచితంగానే దొరుకుతుంది, మన భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) జర్నళ్లు నడుస్తున్నది దాని మీదే. లోటంతా దాన్ని ఏళ్ల తరబడి నడిపే మనుషులది. కాలేజీలో ఉత్సాహం ఉన్న మాస్టారు ఒకరు జర్నల్ మొదలుపెడతారు. ఆయన బదిలీ అయ్యాక హోస్టింగ్ రెన్యువల్ గుర్తుపెట్టుకునేవాళ్లు ఉండరు, జర్నల్ అక్కడితో ఆగిపోతుంది.

ఇదేమీ అయ్యే పని కాదనడానికి లేదు. బ్రెజిల్ 1997లో ప్రజాధనంతో సైఎలో అనే ఉచిత జర్నళ్ల వేదికను మొదలుపెట్టింది. ఇవాళ లాటిన్ అమెరికా దేశాలతో పాటు స్పెయిన్, దక్షిణాఫ్రికా జర్నళ్లు కూడా అందులో ఉన్నాయి, పోర్చుగీసు, స్పానిష్ పరిశోధనలకు అక్కడ గౌరవమైన చోటుంది. జపాన్ 1999లో జే-స్టేజ్ అనే జర్నళ్ల వేదికను పెట్టుకుంది. మన దగ్గరా యూజీసీ వారి లైబ్రరీ నెట్‌వర్క్ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్, శోధ్‌గంగ అనే వెబ్‌సైట్లో లక్షల థీసిస్‌లను ఎవరైనా చదువుకునేలా ఉంచింది. పీహెచ్‌డీ గ్రంథాలకు చేయగలిగిన పని జర్నళ్లకు ఎందుకు చేయకూడదు?

డబ్బు లేదన్న మాటా నిలవదు. 6,000 కోట్లలో ఒక్క శాతం తీసినా 60 కోట్లు, అంటే ఏడాదికి 20 కోట్లు. ఇదే పథకంలో మనవాళ్లు ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలిగే) జర్నళ్లలో వేసుకునే పేపర్ల ఫీజులకని ఏటా 150 కోట్లు కేటాయించారు. ఫీజులు కట్టడానికి డబ్బు ఉన్నప్పుడు ఫీజే లేని జర్నళ్లను నిలబెట్టడానికి ఎందుకు ఉండదు?

ప్రభుత్వ వేదిక అంటే ప్రభుత్వమే ఏది వేయాలో చెబుతుందేమో అన్న భయం కొందరు మిత్రులకు ఉంది. అది కొట్టిపారేయాల్సిన భయం కాదు. వేదిక చోటు ఇవ్వాలి, వ్యాసాల ఎంపిక పూర్తిగా ఆయా సంపాదక మండళ్ల చేతిలోనే ఉండాలి, ఆ మాట నిబంధనల్లో రాసిపెట్టాలి. చెత్త వచ్చి చేరకుండా చేర్చుకునేటప్పుడే గట్టిగా చూడాలి. పీర్ రివ్యూ (అదే రంగంలోని నిపుణులతో వ్యాసాన్ని పరిశీలింపజేయడం) ఎలా చేస్తారో బయటపెట్టని జర్నల్‌ను రానివ్వకూడదు. సంపాదక మండలిలో పేరున్నవాళ్లకు నిజంగా తెలిసే పేరు వేశారా అని అడిగి తేల్చుకోవాలి.

2027 తర్వాతి ఒప్పందం మీద చర్చ మొదలయ్యే వేళకే ఈ విషయం లెక్కలోకి రావాలి. రాయలసీమ ఎంపీలు పార్లమెంటులో దీని మీద ప్రశ్న వేయాలని కోరుతున్నాను. ఢిల్లీలో తేలేదాకా ఆగకుండా రాష్ట్ర ఉన్నత విద్యామండలి కడపలోని యోగి వేమన, అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ, కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయాలతో ఒక ఉమ్మడి సర్వర్ మీద తెలుగు, చరిత్ర, వ్యవసాయ జర్నళ్లతో పని ప్రారంభించవచ్చు. పాత సంచికలను యూనికోడ్‌లోకి మార్చే పనికి మా లాంటి లైబ్రేరియన్లు చాలామంది సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
ప్రభుత్వ డిగ్రీ కళాశాల లైబ్రేరియన్ ఒకరు,
కడప