గేటు ముందు పసుపు గీతలు: తల్లిదండ్రులకు ఒక విన్నపం

తల్లిదండ్రులకు, పిల్లల కోసం రోజూ వచ్చే తాతలకు, అవ్వలకు, ఆటో అన్నలకు నమస్కారం.

పరీక్షల తేదీలు వెనక పేజీలో ఉన్నాయి. ఈ పేజీ మాత్రం వీధి మొదటి నుంచి మన వంటషెడ్డు దాకా ఉన్న దారి గురించి. సెలవుల్లో దానికి రెండు వైపులా పసుపు గీతలు గీయించి, మధ్యలో ‘ఫైరింజన్, అంబులెన్స్ దారి. బండ్లు పెట్టరాదు’ అని పెద్ద అక్షరాలతో రాయించాం. బడి తెరిచిన వారానికే ఆ అక్షరాల మీద స్కూటర్లు నిలబడ్డాయి.

ఫైరింజన్ దాదాపు రెండున్నర మీటర్ల వెడల్పుంటుంది. సిబ్బంది దిగి పైపులు లాగాలంటే ఇరుపక్కలా ఇంకా జాగా కావాలి. వేల లీటర్ల నీళ్లు మోసుకొచ్చే ఆ బండికి తిన్నటి దారిలో కంటే మలుపులోనే ఎక్కువ చోటు పడుతుంది. మన మలుపేమో సరిగ్గా వేపచెట్టు కింద ఉంది. అనంతపురం ఎండలో నీడ చూసుకుని ఆపడం సహజమే. కానీ అక్కడ ఒక్క ఆటో అడ్డంగా ఉన్నా ఇంజన్ వీధి మొదట్లోనే ఆగిపోతుంది. అప్పుడు పైపుకు పైపు బిగించుకుంటూ లోపలిదాకా మనుషులే పరుగెత్తాలి. ఈ ఆషాఢం గాలిలో మంట అంతసేపు ఒకచోట ఉండదు.

గేటు సంగతి కూడా చెప్పాలి. దాని రెండు రెక్కలూ పూర్తిగా వెనక్కి వెళ్లి గోడకు ఆనాలి, అందుకే గోడకు కొక్కేలు పెట్టించాం. రెక్క వెనక సందులో బైకు పెట్టి హ్యాండిల్ లాక్ వేసి వెళితే గేటు సగమే తెరుచుకుంటుంది. మొన్న సాయంత్రం అలాంటి బైకును మన వాచ్‌మన్, పీఈటీ సారు వెనక చక్రం ఎత్తి ఈడ్చాల్సి వచ్చింది. ఆ సమయంలో ఉబ్బసంతో ఊపిరాడని బిడ్డ కోసం 108 వచ్చి బయట నిలబడి ఉంటే? ప్రమాదమంటే మంట ఒక్కటే కాదు. ఫిట్స్, వడదెబ్బ, మెట్ల మీద పడి తలకు దెబ్బ, ఇవన్నీ బడిలో జరిగేవే.

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో బడి వంటగదిలో లేచిన మంట 94 మంది పిల్లల్ని బలి తీసుకుంది. అక్కడ పూరికప్పు, ఇరుకు మెట్లు ప్రాణాలు తీశాయి. మనది కాంక్రీటు కప్పు, మెట్లూ వెడల్పే. అయినా బయటి నుంచి సాయం లోపలికి రావాల్సిన దారి మన చేతుల్లోనే ఉంది.

‘రెండు నిమిషాలే కదా మేడం’ అని చాలామంది అంటారు. నిజమే, ఒక్కొక్కరికి రెండు నిమిషాలే. ఒకరు కదలగానే ఇంకొకరు వచ్చి ఆపుతారు కాబట్టి, బడి వదిలే వేళంతా ఆ దారి మూసుకునే ఉంటుంది. పిల్లలందరూ ఒకేచోట గుమిగూడేది కూడా అప్పుడే.

అందుకని వెనక మైదానం గేటు ఇకపై మూడున్నరకే తెరుస్తాం. బండ్లు అక్కడ పెట్టండి, టీచర్ల బండ్లనూ అక్కడికే మార్చాం. నడవలేని పెద్దవాళ్లు ముందు గేటు దాకా ఆటోలో రావచ్చు, దింపాక ఆటో ముందుకు సాగిపోవాలి. ఉగ్గాని, బజ్జీల బండి అన్న అడగ్గానే ఎదురు వరసకు జరిగాడు, ఆయనకు ధన్యవాదాలు. పుట్టినరోజు ఫ్లెక్సీలు దారి బోర్డుకు అడ్డంగా కట్టవద్దు. చక్రాల కింద గీతలు అరిగిపోతాయి కాబట్టి దసరా, సంక్రాంతి సెలవుల్లో మళ్లీ రంగు వేయిస్తాం.

వచ్చే శనివారం ఉదయం పిల్లలతో మాక్ డ్రిల్ ఉంది. ఫైరింజన్‌తో రమ్మని అగ్నిమాపక కేంద్రాన్ని కోరాం. ఆ రోజు 9 నుంచి 11 గంటల దాకా వీధిలో ఏ బండీ ఉండకుండా చూడండి. వీలైనవాళ్లు వచ్చి వేపచెట్టు దగ్గర ఇంజన్ ఎలా తిరుగుతుందో చూడండి. మీ పిల్లల్ని తెచ్చే ఆటో అన్నకు ఈ కాగితం చదివి వినిపించండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు