ఒక్కసారి వద్దంటే వద్దన్నట్టే ఉండాలి: ఐటీ మంత్రిగారికి బహిరంగ లేఖ

కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ మంత్రి అశ్వినీ వైష్ణవ్ గారికి నమస్కారం.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, కంపెనీల మీద అసలు బాధ్యతలు పడేదేమో 2027 మేలో. ఆలస్యం గురించి ఇప్పుడు గొడవెందుకు. ఈలోగా ఒక్క పని చేయండి. ‘నన్ను ట్రాక్ చేయొద్దు’, అంటే నేనేం చూస్తున్నానో వెంటబడి నమోదు చేయొద్దు అని బ్రౌజర్‌లో ఒకసారి పెట్టుకుంటే ప్రతి వెబ్‌సైటూ దానికి కట్టుబడాలని రూల్ పెట్టండి.

మా అమ్మ పొద్దున్నే ఫోన్‌లో పంచాంగం చూస్తుంది. పేజీ తెరవగానే సగం స్క్రీన్ కప్పేస్తూ ట్రాకింగ్‌కి అనుమతి అడిగే ఒక డబ్బా వస్తుంది, అందులో నీలం రంగులో ఇంత పెద్ద ‘యాక్సెప్ట్ ఆల్’ బటన్, దాని కింద కనీకనబడని బూడిదరంగులో ‘మేనేజ్’, అది నొక్కితే ‘పార్ట్‌నర్స్’ అంటూ ఎంత కిందికి జరిపినా తరగని కంపెనీల పేర్లు, అంతా ఇంగ్లిష్‌లో. రాహుకాలం చూసుకోవడానికి వచ్చిన మనిషి నీలం బటన్ నొక్కక ఏం చేస్తుంది? సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చినదై ఉండాలని మీ చట్టం ఆరో సెక్షన్‌లో ఉంది. నోటీసు తెలుగులోనూ చదువుకునే వీలుండాలనీ ఉంది. మంచిదే, కానీ తెలుగులో పెట్టినా ఆ చాంతాడంత నోటీసు అమ్మ చదవదు, నేనూ చదవను, మీరూ చదవరనే నా అనుమానం.

మన సమ్మతులన్నీ ఒకేచోట ఇచ్చేందుకు, వెనక్కి తీసుకునేందుకు కన్సెంట్ మేనేజర్లనే సంస్థలు వస్తున్నాయి కదా అంటారేమో. బ్యాంకుల్లాంటి వాటికి పనికొస్తాయి, కాదనను. లాగిన్ కూడా అవసరం లేని సైట్ సంగతేంటి? వద్దని చెప్పడానికి ముందు నేనెవరో చెప్పుకోవాలా?

ఇదేం కొత్త ఆలోచన కాదు. ‘డు నాట్ ట్రాక్’ సెట్టింగ్ 2011లోనే ఫైర్‌ఫాక్స్‌లో వచ్చింది. పాటించకపోతే అడిగే దిక్కు లేదు కాబట్టి సైట్లు దాన్ని పట్టించుకోలేదు, 2019కల్లా ఆ ప్రయత్నం మూలపడింది. తర్వాత వచ్చిన ‘గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్’ కూడా బ్రౌజర్ నుంచి సైట్లకు వెళ్లే దాదాపు అలాంటి సిగ్నలే, కానీ కాలిఫోర్నియాలో దానికి చట్టం అండ ఉంది. అందుకే 2022లో సెఫోరా అనే సౌందర్య సాధనాల కంపెనీ 12 లక్షల డాలర్లు కట్టుకుంది, దాని మీదున్న ఆరోపణల్లో ఈ సిగ్నల్‌ని లెక్కచేయకపోవడం ఒకటి. 2027 జనవరి నుంచి అక్కడ బ్రౌజర్లలోనే ఇలాంటి సెట్టింగ్ ఉండి తీరాలి.

మన చట్టంలోనూ మామూలు ఉల్లంఘనలకే 50 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. లేనిదల్లా ఆ సిగ్నల్‌ని గుర్తించే ఒక్క నియమం. సిగ్నల్ వస్తే ట్రాకింగ్‌కి సమ్మతి లేదని అర్థం, ఆ డబ్బా అసలు పైకి రాకూడదు, అంతే.

చిన్న తెలుగు సైట్లు యాడ్ల మీదే బతుకుతున్నాయని నాకూ తెలుసు. యాడ్లు మానమని ఎవరన్నారు? పంచాంగం పక్కన పూజాసామగ్రి యాడ్ వేసుకోండి, చూసిందెవరో ఊరంతా చెప్పకండి.

ముందు ప్రభుత్వ వెబ్‌సైట్లలో అమలు చేయించండి సార్, వాటికి 2027 దాకా ఆగాల్సిన పనేమీ లేదు.