గుల్‌మార్గ్ స్కీయింగ్ ట్రిప్: రైలెక్కేలోపు చూసుకోవాల్సినవి

అందరికీ నమస్కారం. బయటి ప్రీపెయిడ్ సిమ్ కాశ్మీర్‌లో పనిచెయ్యదు, గదికి ఒక్కరైనా పోస్ట్‌పెయిడ్‌కి మారండి. గొండోలా (కొండ మీదికి తీసుకెళ్లే కేబుల్ కారు) టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. దాని రెండో దశ అఫర్వాత్ కొండ దాకా, దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు పోతుంది; గాలి ఎక్కువైతే ఆపేస్తారు. కొత్తవాళ్లకు దాంతో పనే లేదు, కింది వాలు చాలు.

జీన్స్ మాత్రం వద్దు సామీ, తడిస్తే ఆరదు. స్కీ బూటులోకి ఒక్క జత ఉన్ని సాక్సే. రెండు జతలేస్తే బూటు బిగిసి, రక్తం ఆడక వేళ్లు కొంకర్లు పోతాయి. అద్దెకిచ్చేచోటే బూటు బిగించుకుని మోకాళ్లు ముందుకు వంచి చూడండి. మడమ పైకి లేస్తే సైజు పెద్దదని అర్థం, మార్చమనండి.

ఆగాలంటే స్కీల ముందు కొనలు దగ్గరికి, వెనక కొనలు దూరంగా పెట్టి లోపలి అంచుల మీద బరువెయ్యాలి. భయపడి వెనక్కి వాలితే స్కీలు మాట వినవు, ఇంకా జోరుగా జారతాయి.

ఇదంతా తొడల మీద పడే బరువు. అలిపిరి 3,550 మెట్లు ఎక్కడం మనోళ్లకు అలవాటే, దిగేటప్పుడే బస్సెక్కేస్తారు. తొడలు గట్టిపడాలంటే ఈ నెలంతా నడిచే దిగండి.

పవర్ బ్యాంకు చేతి సంచిలోనే పెట్టుకోండి, చెక్-ఇన్ లగేజీలో వేస్తే ఢిల్లీలో విమానం ఎక్కేచోట సంచి ఆపేస్తారు.