ఆన్‌లైన్ బడి హాజరుపట్టీ ఎవరి చేతిలో ఉండాలి? విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

విషయం: ప్రభుత్వ ఆన్‌లైన్ బడి పెట్టేటట్లయితే దాని పాలన, నిధులు, జవాబుదారీ గురించి.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో బళ్ల లెక్కలు, ఓపెన్ స్కూల్ అడ్మిషన్లు, పరీక్ష కేంద్రాల పనులు చూసినవాళ్లం, చూస్తున్నవాళ్లం కొందరం కలిసి రాస్తున్న ఉత్తరమిది. జాతీయ ఓపెన్ స్కూలు 2021లో, ఢిల్లీ ప్రభుత్వం 2022లో వర్చువల్ బడులు మొదలుపెట్టాయి. ఆ ఆలోచన మన రాష్ట్రానికీ ఎప్పుడో ఒకనాడు వస్తుంది. వచ్చిన రోజు చర్చంతా ట్యాబుల చుట్టూ, యాప్ చుట్టూ తిరుగుతుందని మాకు తెలుసు. మేం అడిగేది వేరే. ఆ బడికి డబ్బు ఏ లెక్కన ఇస్తారు? ఆ లెక్క ఎవరు రాస్తారు? ఈ రెండూ జీవోలో సరిగా లేకపోతే మిగతాది ఎంత బాగున్నా నిలబడదు.

మామూలు బడిలో మండల విద్యాధికారి (ఎంఈఓ) వచ్చి తలలు లెక్కపెడితే, పట్టీలో ఉన్న సంఖ్యకీ బెంచీల మీద ఉన్న పిల్లలకీ పొంతన ఉందో లేదో పది నిమిషాల్లో తేలిపోతుంది. పక్కనే మధ్యాహ్న భోజనం బియ్యం లెక్క ఇంకో సాక్ష్యం. ఆన్‌లైన్ బడిలో లెక్కపెట్టడానికి తలలు ఉండవు, సర్వర్‌లో వరసలు ఉంటాయి. ఆ సర్వర్ నడిపేవాళ్లకే పిల్లకింత అని బిల్లు కడితే, హాజరు వేసేదీ వాళ్లే, ఆ హాజరు మీద డబ్బు తీసుకునేదీ వాళ్లే.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఈకాట్ అనే ఆన్‌లైన్ బడికి ప్రభుత్వం పిల్లల సంఖ్యను బట్టి నిధులిచ్చింది. 2015-16లో ఆ బడి తమకు సుమారు 15,300 మంది ఉన్నారని చూపించింది. విద్యాశాఖ లాగిన్ రికార్డులు తెప్పించి చూస్తే పూర్తికాల చదువుకు ఆధారం దొరికింది దాదాపు 6,300 మందికే. 6 కోట్ల డాలర్లు తిరిగి కట్టమన్నారు. అప్పుడు బడి చేసిన వాదన గమనించండి: ఏడాదికి 920 గంటల చదువు ‘అందుబాటులో ఉంచడం’ వరకే మా పని, పిల్లలు ఎన్ని గంటలు చదివారో చూపించాల్సిన బాధ్యత మాది కాదు అని. ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2018 ఆగస్టులో ఆ వాదనను కొట్టేసింది. కానీ అంతకుముందే, జనవరిలో, చదువుల నడిమధ్యలో బడి మూతపడి సుమారు 12,000 మంది పిల్లలు వేరే బడి వెతుక్కోవాల్సి వచ్చింది. బడి నిర్వహణ, సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టులు స్థాపకుడి సొంత కంపెనీలకే వెళ్లేవన్నది ఇంకో సంగతి.

మన జీవోల్లో ‘అందుబాటులో ఉంచబడును’ అన్న మాట ఎంత సులువుగా పడుతుందో మీకు తెలియంది కాదు. ఈ ఒక్క జీవోలో ఆ మాట వద్దు.

ఫ్లోరిడాలో 1997లో మొదలైన ప్రభుత్వ వర్చువల్ బడి ఇంకో దారి పట్టింది. అక్కడ కోర్సు పూర్తిచేసిన పిల్లలకే నిధులు వస్తాయి. ఒహాయో పద్ధతి కన్నా ఇది ఎంతో మేలు. అలాగని యథాతథంగా తెచ్చుకుంటే మన దగ్గర రెండు చోట్ల దెబ్బతింటాం. పాసైతేనే డబ్బు అంటే వెనకబడ్డ పిల్లను అడ్మిషన్ దగ్గరే వదిలించుకుంటారు. పరీక్ష కూడా ఆ బడే పెడితే అందరూ పాసవుతారు. అడ్మిషన్ నుంచి సర్టిఫికెట్ దాకా ప్యాకేజీ మాట్లాడుకునే దళారులను చూస్తున్న జిల్లాలివి. కాబట్టి పరీక్ష ఆన్‌లైన్ బడి చేతిలో ఉండకూడదు. పదో తరగతికి ప్రభుత్వ పరీక్షల విభాగం, ఇంటర్‌కు ఇంటర్ బోర్డు మామూలు పిల్లలకు ఎలా పెడతాయో వీళ్లకూ అలాగే, అదే కేంద్రంలో, అదే ప్రశ్నపత్రంతో పెట్టాలి.

డబ్బును రెండుగా విడదీయమంటున్నాం. పాఠాల తయారీ, సర్వర్, కార్యాలయం, పక్కా సిబ్బంది జీతాలు పిల్లల సంఖ్యతో మారని ఖర్చులు. వాటిని బడ్జెట్‌లో విడి పద్దు కింద నేరుగా ఇవ్వండి. మెంటర్ (పిల్ల చదువును వెంట ఉండి చూసే టీచరు), డేటా, పుస్తకాలు, పరీక్ష ఫీజు పిల్లల సంఖ్యను బట్టి పెరిగే ఖర్చులు. వీటికి ఇచ్చే మొత్తంలో 30 శాతం అడ్మిషన్ తనిఖీ అయ్యాక, 40 శాతం మూడు నెలలకొకసారి చదువు ఆధారాలు చూశాక, మిగతా 30 శాతం పిల్ల పరీక్ష హాల్లో కూర్చున్నాక విడుదల చేయాలి. పాసైతే అనడం లేదు, కూర్చుంటే చాలు. బడి మానేసి రెండేళ్లు దాటిన పిల్లలకు, దివ్యాంగులకు తలసరి మొత్తం ఎక్కువ పెట్టాలి, లేకపోతే వాళ్లను చేర్చుకోవడానికి ఎవరికీ ఆసక్తి ఉండదు. కేంద్రం, రాష్ట్రం కలిసి నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకంలో 16 నుంచి 19 ఏళ్ల బడి బయటి ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ పిల్లల ఓపెన్ స్కూల్ చదువుకు తరగతికి 2,000 రూపాయల దాకా ఇచ్చే వీలుంది. అందులో కేంద్రం వాటా 60, మనది 40. ముందు ఆ డబ్బు పూర్తిగా తెచ్చుకోవాలి. వినియోగ ధ్రువపత్రం ఆలస్యమైతే తర్వాతి విడత ఆగిపోతుందని అకౌంట్స్‌లో పనిచేసిన ఎవరిని అడిగినా చెబుతారు.

ఆధారాలంటే ఏవి? లాగిన్ మాత్రం కాదు. దొంగ హాజరు షీటు తెరిస్తే ఇలా ఉంటుంది: ఉదయం 9 గంటల 1 నిమిషం నుంచి 9:04 లోపు నలభై మంది లాగిన్, అందరిదీ ఒకటే నెట్ చిరునామా, అందరూ సరిగ్గా 45 నిమిషాలకు లాగౌట్. నోటు పుస్తకం ఫొటోలు చూస్తే అన్నిటి కిందా అదే బల్ల, దాని మీద అదే సిరా మరక, పేర్లు మాత్రం వేరు. దీన్ని పట్టుకోవడానికి పెద్ద సాంకేతికత అక్కర్లేదు, చూసే మనిషి కావాలి. ఆ మనిషి బడి జీతగాడు అయి ఉండకూడదు, అంతే.

మా లెక్కన చదువుతున్నట్టు రుజువు మూడు రకాలుగా రావాలి. వారానికి ఒక చేతిరాత పని, మెంటర్ దిద్దిన గుర్తులతో. వారానికి ఒకసారి మెంటర్ పిల్లతోనే మాట్లాడిన ఫోన్, రెండు వాక్యాల నోటుతో. నెలకొక రోజు మండలంలోని హైస్కూల్లో ముఖాముఖి. ఈ మూడింటిలో రెండు ఉంటేనే ఆ నెల హాజరు. మూడు నెలలకొకసారి ప్రతి మండలం నుంచి చీటీలు తీసి 30 మందిని ఎంచి, డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) ఛాత్రోపాధ్యాయులతోనో, డిగ్రీ కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలతోనో ఇంటికి పంపి చూడాలి. 30 మందిలో ముగ్గురు దొరకకపోతే ఆ మండలం బిల్లులో పదో వంతు కోత. ‘విచారించి చర్యలు తీసుకోబడును’ అని రాస్తే కోత ఎప్పటికీ పడదు. లెక్క కట్టి తానే పడేట్టు రాయాలి. యూడైస్ (దేశంలోని బళ్ల, పిల్లల వివరాల ప్రభుత్వ జాబితా)లో ఇంకో బడిలోనూ, ఇక్కడా ఒకే పిల్ల ఉందా అన్నది చెల్లింపుకు ముందే సరిచూడాలి. హాజరు షరతున్న సంక్షేమ పథకాన్ని దేన్నయినా ఆన్‌లైన్ లాగిన్‌కు ముడిపెడితే ఇంట్లోవాళ్లే ఫోన్ తెరిచి పక్కన పెడతారు. వాళ్లను తప్పుపట్టలేం.

మెంటర్ల దగ్గరే ఎక్కువ బడులు చిక్కుకుంటాయి. ఒక్కో పిల్లకు వారానికి 15 నిమిషాల ఫోన్ అనుకుందాం. 40 మందికి 600 నిమిషాలు, అంటే పది గంటలు. మిగతా సమయం దిద్దడానికి, దారితప్పిన పిల్లల ఇళ్లకు వెళ్లడానికి సరిపోతుంది. అదే 150 మందిని అప్పగిస్తే ఫోన్లకే 37 గంటల 30 నిమిషాలు. ఇక దిద్దడం ఉండదు, ‘బాగా చదువుతున్నాడు’ అన్న ఒకే వాక్యం 150 సార్లు అతికించడం ఉంటుంది. ఖర్చు తగ్గించాలనుకున్న ప్రతి అధికారీ ముందు కోసేది ఈ నిష్పత్తినే. అందుకే 40 అన్న సంఖ్య నిబంధనావళిలోనే ఉండాలి, సర్క్యులర్‌లో కాదు.

డేటా సంగతీ అంతే. మామూలు 480పీ వీడియో గంటకు దాదాపు అర జీబీ తింటుంది. రోజుకు నాలుగు గంటల పాఠాలంటే రెండు జీబీ. ఇంట్లో ఒకటే ఫోను, అది నాన్నతో పాటు పనికి పోతుంది, సాయంత్రం ఇద్దరు పిల్లలు దానికోసం కూర్చుంటారు. అదే పాఠం ఆడియోగా, తక్కువ నాణ్యతతో చేస్తే గంటకు 15 ఎంబీ లోపే. ఆడియో, అచ్చు పుస్తకం ముందు. వీడియో మెమరీ కార్డులో నింపి ఇవ్వాలి. లైవ్ క్లాసు సందేహాలకు మాత్రమే. ట్యాబు ఇస్తే దాన్ని తాళం వేసే సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు ఎప్పుడు అయిపోతుందో, ఆ తర్వాత తాళం ఎవరు తీస్తారో, బ్యాటరీ ఉబ్బితే ఏ ఊళ్లో మారుస్తారో టెండర్‌లోనే ఉండాలి.

ఎవరి కోసం ఈ బడి అన్నది తేల్చకుండా ఇవేవీ పనిచేయవు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను ఇందులో చేర్చకండి. విద్యాహక్కు చట్టం వాళ్లకిచ్చింది ఊళ్లో బడి. పగటి భోజనం, తోటి పిల్లలు ఉండేది అక్కడే. చిన్న ఏకోపాధ్యాయ బడిని మూసి ‘ఆన్‌లైన్ ఉంది కదా’ అనడానికి ఇది సాకు కాకూడదు. మా జిల్లాల్లో దీని అవసరం ఉన్నవాళ్లు వేరే ఉన్నారు. బెంగళూరు పనులకు వెళ్లే కుప్పం, వి.కోట వైపు కుటుంబాల పిల్లలు, నగరి, పుత్తూరు మరమగ్గాల మీద కూర్చునే కుర్రాళ్లు, తిరుపతి హోటళ్లలో, లాడ్జీల్లో పనిచేసేవాళ్లు, పెళ్లయ్యాక చదువాగిన ఆడపిల్లలు, పులికాట్ అంచున యానాది కాలనీల పిల్లలు. మామిడి కాలంలో, ముఖ్యంగా గుజ్జు ఫ్యాక్టరీలు నడిచే జూన్, జులైలో చాలామంది కూలికి పోతారు. అడ్మిషన్లు సరిగ్గా అప్పుడే ముగించేస్తే వాళ్లు చేరలేరు. సత్యవేడు, నగరి వైపు తమిళంలో చదివిన పిల్లలున్నారు. పాఠాలు తెలుగు, ఇంగ్లిష్‌లలోనే ఉంటే వాళ్లకు తలుపు మూసినట్టే.

పాలన సంగతికొస్తే, దీన్ని సొసైటీగా రిజిస్టర్ చేస్తారనుకుంటున్నాం, అదే అలవాటు. సొసైటీ కావడం తప్పు కాదు. శాఖ కార్యదర్శి ఛైర్మన్, డైరెక్టర్ మెంబర్ సెక్రటరీ, మిగతావాళ్లంతా హోదా రీత్యా వచ్చే అధికారులు అయితే సమావేశంలో అడిగేవాడుండడు. పాలకమండలిలో సగం మంది బయటివాళ్లు ఉండాలి: చదువుతున్న పిల్లల తల్లిదండ్రులు, పద్దెనిమిదేళ్లు దాటిన విద్యార్థులు, ఒక చార్టర్డ్ అకౌంటెంట్, శాఖతో సంబంధం లేని ఒక హెచ్‌ఎం. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, మొత్తం కమిటీలో సగం ఆడవాళ్లు ఉండాలంటుంది. ఈ బడికి ఊరు లేదు కాబట్టి నెలవారీ ముఖాముఖి రోజున మండలాల వారీగా వాళ్లను ఎన్నుకోవచ్చు. మినిట్స్ పదిహేను రోజుల్లో బయటపెట్టాలి.

డైరెక్టర్‌కు మూడేళ్ల పదవీకాలం రాసివ్వండి. ఎఫ్‌ఏసీ (పూర్తి అదనపు బాధ్యత) వద్దు. అదనపు బాధ్యతల మీద ఉన్న అధికారి నాలుగో కుర్చీలో కూర్చుని ఈ బడి బిల్లులు చూడడు, చూసినా సంతకం తన తర్వాత వచ్చే అధికారికి వదిలేస్తాడు. నిధులు ట్రెజరీలోని పీడీ (పర్సనల్ డిపాజిట్) ఖాతాలో పడి మార్చి 31 దాకా కదలకపోతే జనవరిలో మెంటర్ల జీతాలు ఆగుతాయి, ఫిబ్రవరిలో ఫోన్లు ఆగుతాయి, మార్చిలో పరీక్షలు. ఆ మూడు నెలల ఖర్చు డిసెంబరులోనే విడుదల చేయాలి.

ఆడిట్ విషయంలో ఒకే మాట: గ్రాంటు పరిమితి దాటినప్పుడు కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ) తానుగా వస్తుంది, అది 1971 కాగ్ చట్టం 14వ సెక్షన్. అందాకా ఆగకుండా అదే చట్టం 20వ సెక్షన్ కింద మొదటి ఏడాది నుంచే ఆడిట్ చేయమని గవర్నర్ ద్వారా ప్రభుత్వమే కోరవచ్చు. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ కింద ఎవరూ అడగకముందే పెట్టాల్సినవి ప్రతి నెలా మండలాల వారీగా పెట్టాలి: చేరినవాళ్లు, మూడు నెలల తర్వాత మిగిలినవాళ్లు, పరీక్ష రాసినవాళ్లు, పాసైనవాళ్లు, మెంటర్ ఖాళీలు. ‘మిగిలినవాళ్లు’ అన్న కాలమ్ మాయమైపోతే ఆ బడికి జబ్బు చేసినట్టే లెక్క. ఉపాధి హామీ మస్టర్లు గ్రామసభలో చదివినట్టు పిల్లల పట్టీని మండల తల్లిదండ్రుల సమావేశంలో చదవండి. వెబ్‌సైట్‌లో మాత్రం పేర్లు పెట్టకండి. 2023 వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఆ అనుమతి కాగితం తెలుగులో, తమిళంలో, ఒక పేజీ మించకుండా ఉండాలి. పాఠాల మీద, మార్కుల మీద హక్కు ప్రభుత్వానిదే అని, కంపెనీ మారితే మొత్తం డేటా తెరవగలిగే రూపంలో ముప్పై రోజుల్లో అప్పగించాలని ఒప్పందంలో ఉండాలి. లేకపోతే రెండో టెండర్ పేరుకే ఉంటుంది.

చివరిగా, మూసివేత క్లాజు. పెట్టేటప్పుడు ఎవరూ రాయరు. ఏ కారణంతో మూసినా విద్యా సంవత్సరం మధ్యలో మూయకూడదు, ఆరు నెలల ముందు నోటీసివ్వాలి, టీసీ, మార్కులు, ఫొటో ఉన్న హాజరు రికార్డు ఓపెన్ స్కూలుకు నేరుగా బదిలీ కావాలి, కట్టిన ఫీజు అక్కడ జమ కావాలి. ఈ క్లాజుతో సహా పైన చెప్పిన నిబంధనలకు ముసాయిదా వాక్యాలు మేమే రాసి ఇవ్వగలం. మీ కార్యాలయం అడిగిన రోజు తిరుపతి డీఈఓ కార్యాలయానికైనా, అమరావతికైనా వస్తాం.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, స్టడీ సెంటర్ కోఆర్డినేటర్లు, అకౌంట్స్ ఉద్యోగులు కొందరు
తిరుపతి