పనీపాటా లేనివాళ్ళ జబ్బు కాదిది

ఎడిటర్ గారికి నమస్కారం.

ఏ దేశం వాళ్ళు ఎంత కష్టపడతారో చెబుతూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసమూ, ఆ తర్వాతి వారం ఈటింగ్ డిజార్డర్ల మీద, అంటే తిండి తినే తీరు దెబ్బతినే మానసిక జబ్బుల మీద, మీరు వేసిన పాఠకుల ఉత్తరాలూ చదివాను. ఆ ఉత్తరాల్లో ఒకాయన "ఇవన్నీ కడుపు నిండిన దేశాల జబ్బులు, పనీపాటా లేనివాళ్ళకే వస్తాయి, ఒళ్ళు వంచి పనిచేసే జాతికి ఇలాంటివి ఉండవు" అని రాశారు. ఆ ఒక్క మాట గురించే ఈ ఉత్తరం. మా పెద్దమ్మాయికి అనొరెక్సియా ఉంది, అంటే బరువు పెరుగుతామన్న భయంతో తిండి బాగా తగ్గించేసుకునే జబ్బు. కాస్త ఘాటుగా రాస్తే ఏమీ అనుకోకండి, చూస్తూ ఊరుకోవడం నావల్ల కాలేదు.

ముందు దేశాల సంగతి. జర్మన్లు పనిమంతులు, గ్రీకులు సోమరులు అనే మాట యూరప్‌లో ఎప్పటినుంచో ఉంది. అప్పుల సంక్షోభం ముదిరిన 2011లో అప్పటి జర్మనీ ఛాన్సలర్ అంగెలా మెర్కెల్ ఒక సభలో గ్రీసు, స్పెయిన్, పోర్చుగల్ పేర్లు ఎత్తి, అక్కడివాళ్ళు జర్మన్ల కంటే ముందే రిటైర్ కాకూడదని, ఒకే కరెన్సీ వాడుకుంటూ కొందరికి సెలవులు ఎక్కువ, కొందరికి తక్కువ అంటే కుదరదని అన్నారు. సరే, లెక్క చూడండి. ఎక్కువగా ధనిక దేశాలు సభ్యులుగా ఉన్న ఓఈసీడీ అనే ఆర్థిక సంస్థ అంకెల ప్రకారం 2023లో ఉద్యోగంలో ఉన్న మనిషి ఏడాది మొత్తానికి సగటున పనిచేసింది జర్మనీలో సుమారు 1,340 గంటలు, గ్రీసులో దాదాపు 1,900 గంటలు. అయితే గ్రీకులే కష్టజీవులు, జర్మన్లే సోమరులు అని మాటను తిరగేద్దామా? అదీ తప్పే. ఒక ఏడాది అంకెలు పట్టుకుని దేశాన్నీ దేశాన్నీ పోల్చడానికి ఈ లెక్కలు సరిపోవని ఓఈసీడీయే చెబుతుంది. గ్రీసులో సొంతంగా చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ళు ఎక్కువ, వాళ్ళకు టైము అంటూ ఉండదు. జర్మనీ సగటు అంత తక్కువగా ఉండడానికి ఒక పెద్ద కారణం పార్ట్‌టైమ్ ఉద్యోగాలు. అవి చేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, వాళ్ళలో చాలామంది మిగతా టైములో ఇంట్లో పిల్లల్నో పెద్దవాళ్ళనో జబ్బుపడ్డవాళ్ళనో చూసుకుంటూ ఉంటారు. ఆ గంటలు ఈ పట్టికలోకి రావు. నాకు ఈ పట్టికలో అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ఆ రాని గంటలే, ఎందుకో కింద చెబుతాను.

ఇంకొకటి. 2005లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో 49 సంస్కృతులకు చెందిన సుమారు 4,000 మందిని "మీ దేశపు మనిషి మామూలుగా ఎలా ఉంటాడు" అని అడిగారు. ఆ జవాబుల్ని, అక్కడి మనుషుల స్వభావాన్ని విడివిడిగా కొలిచిన ఫలితాల పక్కన పెట్టి చూస్తే రెండూ కలవనే లేదు. చేసే పని శ్రద్ధగా చేయడం అనే గుణం కూడా ఆ కొలిచినవాటిలో ఉంది. తమ దేశం గురించి తామే చెప్పిన మాట తప్పవుతుంటే, పక్కవాడి దేశం గురించి మనం చెప్పే దాంట్లో ఎంత నిజం ఉంటుంది?

ఇక ఒళ్ళు వంచి పనిచేస్తే ఈ జబ్బు రాదు అన్న మాట. మా అమ్మాయి జబ్బు ముదురుతున్న రోజుల్లో తను అసలు కూర్చునేది కాదు. నిజంగానే, కుర్చీలో కూర్చునేది కాదు. బల్ల మీద పుస్తకం పెట్టుకుని నిలబడే చదివేది, ఫోన్ మాట్లాడుతూ గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉండేది, మెట్లు ఉన్నచోట లిఫ్ట్ ఎక్కడం అంటే ఏదో తప్పు చేసినట్టు మొహం పెట్టేది. కాసేపు కూర్చోమ్మా అంటే "నేనేమైనా సోమరిదాన్నా" అని ఏడ్చేది. తరగతిలో మంచి మార్కులు, ఇంటికొచ్చిన చుట్టాలందరి నోటా ఒకటే మాట, అబ్బ ఎంత క్రమశిక్షణ, ఈ కాలం పిల్లలు ఈ పిల్లను చూసి నేర్చుకోవాలి అని. ఆ మెచ్చుకోళ్ళు మా పిల్లకు ఎంత చేటు చేశాయో వాళ్ళకెవరికీ తెలియదు. ఆగకుండా కదులుతూ ఉండడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటని, అనొరెక్సియా ఉన్న చాలామందిలో కనిపిస్తుందని డాక్టర్ చెప్పేదాకా అది పిల్ల మంచి గుణమనే అందరూ అనుకున్నారు. పని చేసేవాళ్ళు గొప్ప, ఊరికే కూర్చునేవాళ్ళు వెధవలు అన్న మాట చిన్నప్పటినుంచి చెవుల్లో పోసిన చోట ఈ జబ్బు దాక్కోవడం ఎంత సులువో ఆ ఉత్తరం రాసిన పెద్దాయన ఒక్కసారి ఆలోచించాలి.

కడుపు నిండిన దేశాల జబ్బు అన్నదానికి ఫిజీ సంగతి చెబుతాను. అక్కడ నద్రోగా అనే ప్రాంతంలో కాస్త ఒళ్ళున్న మనిషినే ఆరోగ్యంగా, చక్కగా ఉన్నట్టు చూసేవాళ్ళు. 1995లో టీవీ వచ్చింది. అది వచ్చిన కొత్తలో ఒకసారి, 1998లో మళ్ళీ ఒకసారి హార్వర్డ్ నుంచి వెళ్ళిన పరిశోధకులు అక్కడి స్కూలు అమ్మాయిల్ని అడిగి చూశారు. బరువు తగ్గడానికి వాంతి చేసుకుంటున్నామని మొదటిసారి ఒక్కరూ చెప్పలేదు, మూడేళ్ళ తర్వాత అడిగినవాళ్ళలో 11.3 శాతం మంది చెప్పారు. నన్ను కదిలించింది ఆ అంకె కంటే వాళ్ళు చెప్పిన కారణం. అందం ఒక్కటే కాదు, టీవీలో కనిపించేవాళ్ళలా సన్నగా ఉంటే ఉద్యోగాలు దొరుకుతాయని, పైకి రావచ్చని కొందరు అనుకున్నారు. వాళ్ళు పని దొరకాలని ఒళ్ళు తగ్గించుకోవాలనుకున్న పిల్లలు, పని తప్పించుకోవాలనుకున్నవాళ్ళు కాదు. అలాగని టీవీ వల్లే ఈ జబ్బు వస్తుందని నేను అనడం లేదు. 2019లో అనొరెక్సియా ఉన్న సుమారు 17,000 మంది డీఎన్ఏను పరిశీలించి, జబ్బుతో సంబంధం ఉన్న 8 చోట్లను గుర్తించారు, వాటికీ ఒంట్లో తిండి ఖర్చయ్యే తీరుకీ కూడా సంబంధం ఉందని తేలింది. పుట్టుకతో వచ్చేది కొంత, చుట్టూ ఉన్న లోకం నుంచి వచ్చేది కొంత. ఒక జాతి గుణం అని చెప్పడానికి ఇందులో ఏమీ లేదు. మగపిల్లలకూ వస్తుంది, పెద్దవాళ్ళకూ వస్తుంది, చూడ్డానికి లావుగా ఉన్నవాళ్ళకూ వస్తుంది.

దేశం మీద వేసినట్టే ఇంటి మీద కూడా ముద్ర వేస్తారు. ఈ జబ్బుకు అనొరెక్సియా నెర్వోసా అని పేరు పెట్టిన లండన్ డాక్టర్ విలియం గల్ 1870ల్లోనే, ఈ రోగుల్ని చూసుకోవడానికి చుట్టాలూ స్నేహితులూ అందరికంటే పనికిరానివాళ్ళని రాసేశారు. వందేళ్ళ తర్వాత 1970ల్లో కూడా కొందరు థెరపిస్టులు అనొరెక్సియా వచ్చే ఇల్లు ఇలా ఉంటుందని ఒక మూస తయారుచేశారు. అతిగా అంటిపెట్టుకుని ఉండే తల్లిదండ్రులు, అతిజాగ్రత్త, పట్టువిడుపు లేకపోవడం, గొడవలు పైకి రానివ్వకపోవడం. చెప్పండి, పిల్ల కళ్ళముందు కరిగిపోతుంటే ఏ తల్లి అతిజాగ్రత్తగా ఉండదు? జబ్బు వచ్చాక ఇల్లు ఎలా మారిందో చూసి, ఇల్లు అలా ఉంది కాబట్టే జబ్బు వచ్చిందన్నారు. కుటుంబ పరిస్థితులు కొంత పాత్ర వహించవచ్చేమో గానీ అవే అసలు కారణం అనే మాట నిలవదని ఈటింగ్ డిజార్డర్ల మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల సంఘం 2010లో స్పష్టంగా ప్రకటించింది. అయినా మా చుట్టాల్లో కొందరికి ఆ మాట ఇంకా చేరలేదు. తల్లి ఉద్యోగానికి పోయి పిల్లను పట్టించుకోలేదని ఒకరు, తల్లి ఇంట్లో కూర్చుని మితిమీరి పట్టించుకుందని ఇంకొకరు. మా ఆవిడ ఈ రెండు మాటలూ ఒకే పెళ్ళిలో విని వచ్చింది.

పిల్ల మొండిది, పొగరు, నటిస్తోంది అనేవాళ్ళకు ఇంకొక సంగతి. 1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో 36 మంది ఆరోగ్యంగా ఉన్న యువకుల్ని ఏరికోరి ఎంచుకుని, ఏడాది పాటు సాగిన ప్రయోగంలో 24 వారాలు అరకొర తిండి పెట్టారు. యుద్ధంలో ఆకలితో ఉన్న జనాన్ని మళ్ళీ ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడానికి ఆ మనుషులు తామై ముందుకొచ్చారు. మంచివాళ్ళు, ఓపికస్తులు. కొన్ని వారాలకే చిరాకు, దిగులు మొదలయ్యాయి, ఎవరితోనూ కలవబుద్ధి కాకపోవడం, రాత్రీ పగలూ తిండి ఆలోచనే, వంటల పుస్తకాలు తిరగేయడం, కంచం ముందు గంటలు గంటలు గడపడం, చదువు మీద ధ్యాస నిలవకపోవడం. వాళ్ళలో ఎవరూ జబ్బు మనుషులు కాదు. ఆకలి మనిషి బుద్ధిని అలా చేస్తుంది. మేము దీని గురించి చదివాక మా పిల్ల అరుపుల్ని పిల్లవిగా కాక ఆకలివిగా వినడం నేర్చుకున్నాం.

ఇప్పుడు ఆ పట్టికలోకి రాని గంటల సంగతి. 1980ల్లో లండన్‌లోని మాడ్‌స్లీ ఆస్పత్రిలో తల్లిదండ్రుల్ని బయట కూర్చోబెట్టే పద్ధతి వదిలేసి, తిండి పెట్టే బాధ్యత వాళ్ళ చేతికే ఇచ్చి చూశారు. జబ్బు వచ్చి ఎక్కువ కాలం కాని చిన్నవయసు పిల్లల్లో ఇది బాగా పనిచేసిందని 1987లో ఫలితాలు వచ్చాయి. 2017లో బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాల సంస్థ నైస్ కూడా అనొరెక్సియా ఉన్న పిల్లలకు, టీనేజర్లకు మొదట కుటుంబంతో కలిపి చేసే థెరపీనే సూచించింది. మొదట్లో ఏం తినాలో ఎంత తినాలో తల్లిదండ్రులే చూస్తారు, పిల్ల కోలుకునే కొద్దీ మెల్లగా తన చేతికి ఇచ్చేస్తారు, ఆ తర్వాతే చదువు, స్నేహాలు వగైరా మాటలు.

ఇది కాగితం మీద చదివితే తేలిగ్గా ఉంటుంది. ఇంట్లో చేయడం అంటే ఏమిటో చెబుతాను. కంచం ముందు పెడతాం. తను మెతుకంత ముక్కలు చేస్తుంది, వాటిని అటు జరుపుతుంది, ఇటు జరుపుతుంది, ఒక ముక్క నోటిదాకా తీసుకెళ్ళి దించేస్తుంది. మా ఆవిడ పక్కనే కూర్చుని, గొంతు పెంచకుండా, బతిమాలకుండా, "నాకు తెలుసు కష్టంగా ఉందని, ఇంకొక ముద్ద" అంటుంది. మళ్ళీ అదే మాట. కంచం గోడకు తగిలిన రోజులున్నాయి. అలాంటప్పుడు లేచి ఇంకో కంచం తెచ్చి అదే గొంతుతో మొదలుపెట్టాలి. అయ్యేసరికి గంట దాటుతుంది, తర్వాత వాంతి చేసుకోకుండా ఇంకాసేపు పక్కనే ఉండాలి, ఇంతలో తర్వాతి తిండి టైము అవుతుంది. రోజంతా ఇదే. మా చిన్నవాడు తన కంచం తీసుకుని గదిలోకి వెళ్ళిపోవడం అలవాటు చేసుకున్నాడు, వాడి పుట్టినరోజులు, వాడి మార్కులు అన్నీ ఈ కంచం వెనక్కి పోయాయి. ఎప్పుడైనా వాడు "నాకూ జబ్బు చేస్తే మీరు నాతో కూర్చుంటారా" అంటే మాకు నోట మాట రాదు.

దీనికోసం మా ఆవిడ పనిచేసే చోట పనిగంటలు తగ్గించమని అడిగింది. పిల్లకు తిండి పెట్టడానికి సెలవా, చంటిపిల్లా ఏమిటి అన్నారు. కీమోథెరపీ అంటే ఎవరూ అలా అనరు. కానీ ఈ జబ్బులో ఆ కూర్చోవడమే వైద్యం, దాన్ని చేసే నర్సు తల్లి. చివరికి మా ఆవిడ ఉద్యోగం మానేసింది. ఇప్పుడు ఏ లెక్కలోనైనా ఆవిడ "పని చేయని" మనిషి. ఏ దేశంలో ఎవరు సోమరులో తేల్చే వ్యాసం వేసినప్పుడు ఇలాంటి మనుషులు ఏ ఖాతాలో పడుతున్నారో ఒక్క పేరా అయినా రాయమని మిమ్మల్ని అడుగుతున్నాను. ఉద్యోగాలు ఇచ్చేవాళ్ళు మీ పత్రిక చదువుతారు. పిల్లకు ఈ జబ్బు ఉన్న తల్లిదండ్రులు కొన్ని నెలలు పనివేళలు మార్చమని అడిగితే, దాన్ని బద్ధకంగా చూడకుండా మిగతా జబ్బులకు ఇచ్చినట్టే ఇవ్వమని వాళ్ళకు చెప్పండి.

ఇది చదివే తల్లిదండ్రులకు కూడా నాలుగు మాటలు. పిల్లలు భోజనాలు దాటవేస్తున్నా, తిన్న వెంటనే బాత్రూమ్‌లోకి వెళుతున్నా, కూర్చోకుండా తిరుగుతున్నా, నెలసరి ఆగిపోయినా, ఎప్పుడూ చలిగా ఉందంటున్నా, అదే సర్దుకుంటుందని ఆగకండి. మానసిక జబ్బుల్లో ఎక్కువ ప్రాణాలు తీసేవాటిలో ఇదొకటి, కొందరికి గుండె ఆగి, కొందరు ఆత్మహత్య చేసుకుని పోతున్నారు. చాలా రోజులుగా సరిగా తినని పిల్లకు డాక్టర్‌ను అడగకుండా ఒక్కసారిగా ఎక్కువ తినిపించకండి, రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రమాదం. డాక్టర్ దగ్గర నాడి, పడుకున్నప్పుడూ లేచి నిలబడినప్పుడూ బీపీ, ఈసీజీ, పొటాషియం, ఫాస్ఫేట్ చూడమని మీరే అడగండి. జబ్బు బాగా ముదిరినా రక్తపరీక్షలు మామూలుగానే రావచ్చు. రిపోర్టులు నార్మల్, పిల్లకు ఏమీ లేదు, కాస్త పని చెప్పండి అని పంపించేస్తే ఇంకో డాక్టర్ దగ్గరికి ఆ రోజే వెళ్ళండి.

ఇట్లు,
ఒక తండ్రి
(పిల్ల కోసం పేరు వేయవద్దని మనవి)