శనివారం మొదటి పీరియడ్ గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకాలు పెట్టడానికి వచ్చినప్పుడు మీలో చాలామంది ఒకటే అడిగారు. "శనివారం పూట పిల్లల్ని ఊరికే కూర్చోబెడుతున్నారంట, తర్వాత బొమ్మలు వేయిస్తున్నారంట. ఆ టైంలో లెక్కలు చెప్పొచ్చు గదా మేడం?" అడగడంలో తప్పేమీ లేదు. వరండాలో నిలబడి రెండు ముక్కల్లో తేల్చే విషయం కాదు గనక ఈ నెల వార్తాలేఖంతా దానికే ఇస్తున్నాను.

మేం చేయించేది పెద్ద విద్యేమీ కాదు. పిల్లలు పది నిమిషాలు మాటల్లేకుండా కూర్చుని, ఊపిరి వచ్చీపోవడం గమనిస్తారు. ధ్యానం అంటే ఇక్కడ ఇంతే. మిగతా సమయం బొమ్మో, కథో, మట్టిపనో, చెక్కపనో, ఎవరికి నచ్చింది వాళ్లు చేసుకుంటారు. మొదట్లో ఈ రెండూ వేరే వేరే రోజుల్లో ఉండేవి. పక్కపక్కన పెట్టిన తర్వాతే రెండూ దారిన పడ్డాయి.

ఏడో తరగతి వాళ్లకు ఆవరణలోని వేపచెట్టు ఆకు ఒకటి తెచ్చుకుని గీయమన్నాం. ఆకు బల్ల మీదే ఉంది. అయినా అందరూ గీసింది బుర్రలో ఉన్న ఆకునే: మధ్యలో ఒక గీత, అటూ ఇటూ సమానంగా రెండు వంపులు. ఆ మరుసటి వారం ఊపిరికి బదులు ఆకునే చూడమన్నాం, పెన్సిల్ ముట్టుకోకూడదన్నాం. కాసేపు నవ్వులు, మోచేతి పోట్లు. తర్వాత సద్దుమణిగింది. గీయడం మొదలయ్యాక ఒక పాప లేచి, "మేడం, నా ఆకు వంకర. ఈనెకు ఒక పక్క వెడల్పు, ఇంకో పక్క సన్నం. వేరేది తెచ్చుకోనా?" అంది. పక్కవాడు తన ఆకు చూసుకున్నాడు. వాడిదీ అంతే! వేపాకు తీరే అది. మొదలు దగ్గర రెండు పక్కలూ సమానంగా ఉండవు, కొస ఓ పక్కకు వంగుతుంది, అంచు పళ్లు పళ్లుగా ఉంటుంది. రోజూ ఆ చెట్టు నీడనే మధ్యాహ్న భోజనం తినే పిల్లలు ఆ రోజే దాన్ని చూశారు. ఆ వారం బొమ్మలు నోటీసు బోర్డు పక్కన అంటించి ఉన్నాయి, వచ్చినప్పుడు చూడండి. ఏ రెండు ఆకులూ ఒకేలా లేవు.

పతంజలి యోగసూత్రాల్లో ధ్యానానికి ముందు మెట్టు ధారణ, అంటే మనసును ఒక చోట నిలపడం. మా పిల్లలకు ఆ చోటు వేపాకు అయింది.

ఇక కుదురుగా కూర్చోలేని పిల్లలు. ప్రతి క్లాసులో ఉంటారు, మీ ఇంట్లోనూ ఒకరు ఉండే ఉంటారు. కళ్లు మూసుకోమంటే వాళ్లకు టెన్షన్ ఇంకా ఎక్కువవుతుంది. వీళ్లకు దారి చేతిపనిలో దొరికింది. ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు మీకు కొత్త కాదు. భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) తెచ్చుకున్న మన నెల్లూరు జిల్లా పనితనం అది. ఆ పని చేసే ఒకావిడను బడికి పిలిచాం. ఆమె ఉపన్యాసం జోలికి పోలేదు. చెక్కిన స్పూను ఒకటి, ఉప్పుకాగితం ముక్క ఒకటి తలా చేతికిచ్చి, నునుపు తేలేదాకా రుద్దమంది. "చెయ్యి ఒకే తీరున పోవాల. కోపంగా రుద్దితే గీతలు పడతాయి" అని మాత్రం చెప్పింది. నిమిషం కుదురుగా ఉండడని పేరుపడ్డ ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు పీరియడ్ అయ్యేదాకా తల ఎత్తలేదు. గీత పడిన చోట ఆగాడు, వేలితో తడిమాడు, మళ్లీ మెల్లగా మొదలుపెట్టాడు. మనసు పక్కకు పోయిందని తెలిసినప్పుడు తనను తాను తిట్టుకోకుండా వెనక్కి తెచ్చుకోవడం, ధ్యానంలో మేం నేర్పబోయింది కూడా ఇదే. ఆ తర్వాత వాడికి కూర్చోవడం కాస్త తేలికైంది. కాస్తే, ఎక్కువ చేసి చెప్పను.

నెల్లూరు వాళ్లం గనక తిక్కన కథ ఒకటి చెప్పుకోవాలి. ఆయన భారతంలో పదిహేను పర్వాలు చెబుతుంటే కుమ్మరి గురునాథుడు రాసేవాడని, ఆయన ఆగకుండా చెప్పాలని, ఇతను ఆపకుండా రాయాలని పందెమని పెద్దలు చెబుతారు. ఒకచోట పద్యం సాగక తిక్కన "ఏమి చెప్పుదుం గురునాథా" అన్నాడట. గురునాథుడు అదీ రాసేశాడు. సంజయుడు ధృతరాష్ట్రుడికి యుద్ధం సంగతులు చెప్పే ఘట్టం కావడంతో, సంధి విడదీస్తే "కురునాథా", అంటే కురువంశపు రాజా, అని పద్యంలో చక్కగా ఇమిడిపోయింది. జరిగిందో లేదో గానీ, ఈ కథ విన్నవాళ్లు తిక్కనను మెచ్చుకుంటారు, నాకు మాత్రం గురునాథుడి మీదే గురి. అంత నిమ్మళంగా వినబట్టే కదా ఆయన చెయ్యి ఆగలేదు! తెల్లకాగితం ముందు పెట్టుకుని "ఏం రాయాలో తోచట్లేదు మేడం" అని బిక్కమొహం వేసే పిల్లలకు ఆ వినికిడే కావాలి. పది నిమిషాల మౌనం తర్వాత అడిగితే, తోచింది ఏదైనా సరే, కొట్టేయకుండా రాస్తున్నారు.

దీని మీద పరిశోధనలూ ఉన్నాయి. నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2012లో ఒకటి ప్రచురించారు. ఒకే దాని మీద మనసు పెట్టే ధ్యానం కన్నా, వచ్చే ఆలోచనల్ని రానిచ్చి చూస్తూ ఉండే ధ్యానం తర్వాత, ఒక మామూలు వస్తువును ఎన్ని రకాలుగా వాడొచ్చో చెప్పమంటే ఎక్కువ ఉపాయాలు తట్టాయట. అయితే అందులో పాల్గొన్నది ఇరవై మంది కూడా లేరు, అందరూ ధ్యానం అలవాటున్న పెద్దవాళ్లే. కాబట్టి దాన్ని చూపించి మీ పిల్లల మార్కులు పెరుగుతాయని నేను మాటివ్వలేను. మార్కుల కోసమైతే ఈ పీరియడ్ పెట్టనే పెట్టను.

ఇది తమ మతానికి పడుతుందా అని కొందరు తల్లులు మొహమాటపడుతూ అడిగారు. ఇందులో మంత్రం లేదు, పటం లేదు, దండం పెట్టడం లేదు. అయినా వద్దనుకుంటే మీ పిల్లలు ఆ పది నిమిషాలూ బొమ్మ వేసుకుంటారు, ఎవరూ ఏమీ అనరు. ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయినా, పిల్లలు దేనికైనా బెదిరినా, కళ్లు మూసుకుంటే దిగులు పెరగొచ్చు. అలాంటి సంగతేదైనా ఉంటే క్లాస్ టీచర్ చెవిన వేయండి, కళ్లు తెరుచుకునే కూర్చోనిస్తాం.

ఇంటి దగ్గర ఒక్కటి మాత్రం చేయకండి. అల్లరి చేసినందుకు శిక్షగా "పోయి ధ్యానం చేసుకో" అనకండి. వేసిన బొమ్మ చూపిస్తే "ఇదేంది?" అని అడిగే ముందు కాసేపు చూడండి.

డిసెంబరు 21ని ప్రపంచ ధ్యాన దినంగా ఐక్యరాజ్యసమితి 2024లో ప్రకటించింది. ఈసారి అది ఆదివారం పడింది గనక మనం ముందురోజు, 20వ తేదీ శనివారం మొదటి పీరియడ్‌లోనే జరుపుకుంటాం. వీలైనవాళ్లు వచ్చి పిల్లల పక్కనే కూర్చోండి. కాగితాలు మేమిస్తాం, పెన్సిల్ మీరు తెచ్చుకోండి. బొమ్మ వేయడం రాదనే సాకు చెల్లదు. ఫోన్లు ఆఫీసు గదిలో పెట్టాలి. వాన పడితే వేపచెట్టు కింద కాకుండా పదో తరగతి గదిలో కూర్చుందాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు