గెలిచిందెవరు?

సంపాదకులకు,

మా రిపబ్లికన్ ప్రైమరీల్లో, అంటే అధ్యక్ష అభ్యర్థిని తేల్చే పార్టీ పోటీల్లో, ఓట్లు రావడం వేరు, గెలవడం వేరు. 2012 జనవరి 3 రాత్రి అయోవా రాష్ట్రంలో పోటీదారు మిట్ రామ్నీ 8 ఓట్లతో నెగ్గారన్నారు. రెండు వారాలయ్యాక ప్రత్యర్థి శాంటోరమ్‌కే 34 ఎక్కువన్నారు, అదీ 8 కేంద్రాల లెక్కలు దొరక్కుండానే! పైసా పైసాకీ లెక్క అడిగే పార్టీ మరి. అసలు అప్పట్లో ఆ ఓటుకు విలువే లేదు. అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధుల్ని తేల్చింది తర్వాత జరిగిన కౌంటీ, జిల్లా, రాష్ట్ర సభలు. అక్కడ ఓపిగ్గా కూర్చున్నది మరో పోటీదారు రాన్ పాల్ మనుషులు. ఓట్లలో మూడో స్థానం, టాంపాలో జరిగిన పార్టీ జాతీయ సభలో మాత్రం అయోవా ప్రతినిధులు 28 మందిలో 22 మంది ఆయనవైపే.

2016లో దక్షిణ కరొలైనాలో రాష్ట్రమంతటా మొదటివారికి 29 మంది ప్రతినిధులు, ఏడు నియోజకవర్గాల్లో ఒక్కోచోట మొదటివారికి 3. ట్రంప్ 32.5 శాతంతో మొత్తం 50 ఊడ్చేశారు. మిగతా ఓట్లు పంచుకున్న ఐదుగురికీ సున్నా. వాళ్లలో ఆ రాత్రే తప్పుకున్నది జెబ్ బుష్ ఒక్కరే.

— ఒక రిపబ్లికన్ ఓటరు, డాలస్